సొంత వేరుశనగ విత్తనంలోకి వైరస్ రాకుండా చూసుకోవడం ఎలా

అనంతపురం, కడప జిల్లాల్లో సొంత విత్తనం దాచుకునే వేరుశనగ రైతు సాధారణంగా కల్లంలో కూర్చుని విత్తనాన్ని ఎంపిక చేస్తాడు. కాయ నిండుగా ఉందా, గింజ రంగు బాగుందా, నూటికి ఎన్ని మొలుస్తున్నాయి అనేవి చూస్తాడు. ఈ మూడు పరీక్షలూ అవసరమే, కానీ మూడింటిలోనూ నెగ్గిన గింజలో కూడా వైరస్ ఉండవచ్చు. గింజ లోపల ఉన్న వైరస్ కంటికి కనిపించదు, కడిగితే పోదు, శిలీంద్రనాశిని మందు పట్టిస్తే చావదు. అందువల్ల విత్తనంతో వచ్చే వైరస్‌లను అడ్డుకోవాలంటే ఎంపిక కల్లంలో కాకుండా పొలంలో, పైరు పూతకు రాకముందు నుంచే మొదలుకావాలి. ఆ పని ఏ క్రమంలో చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఏ వైరస్ విత్తనంతో వస్తుందో, ఏది రాదో తెలుసుకోండి

మన ప్రాంతంలో వేరుశనగను ఎక్కువగా భయపెట్టినవి కాండం కుళ్లు, మొవ్వు కుళ్లు తెగుళ్లు. 2000 ఖరీఫ్‌లో ఒక్క అనంతపురం జిల్లాలోనే సుమారు 2.25 లక్షల హెక్టార్లలో కాండం కుళ్లు సోకి, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం కలిగించింది. దానికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని ఆ తర్వాత తేలింది. అంతటి నష్టం కలిగించినా, ఈ వైరస్ వేరుశనగ విత్తనం ద్వారా రాదు. వయ్యారిభామ పుప్పొడి ఆకులపై పడి, తామర పురుగులు ఆ ఆకులను గీకినప్పుడు వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనల ప్రకారం అదే వైరస్ వయ్యారిభామ విత్తనం ద్వారా మాత్రం తర్వాతి తరానికి చేరుతుంది. అంటే ఆ తెగులును విత్తనంలో మోసుకువస్తున్నది మన పంట కాదు, గట్టు మీది కలుపు. మొవ్వు కుళ్లు సంగతీ దాదాపు ఇంతే. దాని వైరస్ అప్పుడే పీకిన కాయల్లో, గింజ పైపొర వరకు చేరగలదు కానీ మొలకనిచ్చే పిండంలోకి చేరదు. కనుక మొలిచిన మొక్కకు అది విత్తనం నుంచి సంక్రమించదు.

ఈ రెండు తెగుళ్లు వచ్చిన ఏడాది చాలామంది విత్తనాన్ని తప్పుపట్టి, మరుసటి ఏడాది ఎక్కువ ధర పెట్టి బయటి విత్తనం తెచ్చుకుంటారు. ఆ ఖర్చు వల్ల ఈ తెగుళ్ల విషయంలో ప్రయోజనమేమీ లేదు. గట్ల మీద, దారుల వెంట వయ్యారిభామను పూతకు రాకముందే పీకించడానికి అందులో కొంత ఖర్చు పెట్టినా అంతకంటే మేలు జరుగుతుంది.

విత్తనంతో నిజంగా వచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది పీనట్ మాటిల్ వైరస్. దీనిని పేనుబంక వ్యాపింపజేస్తుంది. రకాన్ని బట్టి విత్తనం ద్వారా ఇది సంక్రమించే శాతం సున్నా నుంచి 8 శాతానికి పైగా ఉంటుంది. హైదరాబాదు దగ్గర ఉన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరీక్షల్లో ఈసీ 76446 (292) వంటి కొన్ని రకాల మొక్కలకు తెగులు సోకినా, వాటి గింజల్లోకి వైరస్ చేరలేదు. రెండవది ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్. ఇది నేలలో ఉండే పాలీమిక్సా అనే సూక్ష్మజీవి ద్వారా వేళ్లలోకి ప్రవేశిస్తుంది, విత్తనం ద్వారా కూడా వస్తుంది. వీటితోపాటు పీనట్ స్ట్రైప్ వైరస్ అనే మూడవది కూడా ఉంది. ఆగ్నేయాసియా, చైనాలలో విస్తారంగా ఉన్న ఈ వైరస్ విత్తనాల ద్వారానే దేశాలు దాటింది. విదేశీ వేరుశనగ రకాలను హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తర్వాతే పరిశోధన సంస్థలకు ఇవ్వడానికి ఇటువంటి ప్రమాదమే కారణం. మీ స్థాయిలో మొదటి రెండింటిని గుర్తించడం నేర్చుకుంటే చాలు.

వైరస్ గింజలోకి ఎప్పుడు చేరుతుందో గమనించండి

మిగతా పనులన్నిటికీ వేళ నిర్ణయించేది ఈ అంశమే కాబట్టి దీనిని కాస్త నిదానంగా చదవండి. తల్లి మొక్కకు, గింజలోని పిండానికి మధ్య నేరుగా రసనాళాల సంబంధం ఉండదు. వైరస్ పిండంలోకి చేరాలంటే పువ్వు ఏర్పడుతున్నప్పుడే బీజాండంలోకో, పుప్పొడిలోకో వెళ్లాలి, లేదా పిండం రూపుదిద్దుకుంటున్న తొలి రోజుల్లో చుట్టూ ఉన్న కణజాలం గుండా ప్రవేశించాలి. ఆ దశ దాటాక మొక్కకు తెగులు సోకితే, దిగుబడి కొంత తగ్గినా, అప్పటికే ఏర్పడిన గింజల పిండాలలోకి వైరస్ చేరే దారి దాదాపు మూసుకుపోతుంది. వేరుశనగ విత్తిన 25 నుంచి 30 రోజులకు పూతకు వస్తుంది, ఆ తర్వాత ఊడలు నేలలోకి దిగి వాటి కొనల్లో కాయలు కడతాయి. కాబట్టి పూతకు ముందు తెగులు సోకిన మొక్కలే విత్తనానికి అత్యంత ప్రమాదకరమైనవి. విత్తనం నుంచే తెగులుతో మొలిచిన మొక్కలు ఆ కోవలో మొదటివి.

వేరుశనగ స్వపరాగ సంపర్కం జరుపుకునే పంట కావడం ఇక్కడ మనకు కలిసివచ్చే విషయం. పక్క పొలం పుప్పొడి మీ గింజలోకి వైరస్‌ను తెస్తుందని పెద్దగా భయపడనక్కరలేదు. చెరకు వేసే నంద్యాల, కడప ప్రాంతాల రైతుల పరిస్థితి ఇందుకు భిన్నం. వారు నాటేది గింజను కాదు, ముచ్చెను. ముచ్చె అంటే తల్లి గడలోని ఒక ముక్కే కనుక, మొజాయిక్ అనే వైరస్ తెగులు సోకిన దుబ్బు నుంచి తీసిన ముచ్చెలలో చాలా వాటితో తెగులు కూడా కొత్త తోటకు వెళ్తుంది. గింజ ద్వారా సాగు చేసే పంటల్లో పిండం ఒక వడపోతలా పనిచేసి, వైరస్‌లలో చాలావాటిని ఆపేస్తుంది. ఆ వడపోతను దాటగలిగిన కొన్నింటి మీదనే మన శ్రద్ధ పెట్టాలి.

ఒక శాతం గింజల్లో వైరస్ ఉంటే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరంలో విత్తితే ఎకరాకు సుమారు 1.35 లక్షల మొక్కలు వస్తాయి. అందులో ఒక శాతమంటే 1,350 తెగులు మొక్కలు, అదీ ఒకచోట కాకుండా పొలమంతా చెల్లాచెదురుగా మొలుస్తాయి. పేనుబంక అటువంటి మొక్క రసాన్ని కొన్ని క్షణాలు పీల్చినా వైరస్‌ను అంటించుకుని, వెంటనే పక్క మొక్కకు ఎక్కించగలదు. పురుగుమందు తగిలి అది చనిపోయేలోపే ఆ పని పూర్తవుతుంది. అందుకే మాటిల్ వైరస్ విషయంలో మందు పిచికారీని నమ్ముకోవడం కంటే తొలి తెగులు మొక్కలను తొలగించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

విత్తన మడిని వేరుగా పెట్టుకోండి

పొలమంతా పండించి, అందులోంచి మంచి కాయలు ఏరుకోవడం విత్తనోత్పత్తి అనిపించుకోదు. విత్తనం కోసం ఒక మడిని ముందే కేటాయించండి. ఎకరా విత్తడానికి 60 నుంచి 70 కిలోల గింజలు కావాలి. ఒలిస్తే నూటికి 70 పాళ్లు గింజ వస్తుందనుకుంటే, కాయల్లో అది సుమారు ఒక క్వింటా. ఎకరాకు ఐదు క్వింటాళ్లు పండే మెట్టలో 30 సెంట్ల మడి వేస్తే, తెగులు మొక్కలు, నొక్కులు, పుచ్చులు పోను ఆ క్వింటా మిగులుతుంది. నీటి వసతి ఉంటే రబీలో పండించిన విత్తనాన్ని ఖరీఫ్‌కు వాడుకోవడం మేలు. కాయ ఎక్కువ కాలం నిల్వ ఉండనక్కరలేదు, మొలక శాతం నిలుస్తుంది.

మడి ఎక్కడ పెట్టాలన్నది గాలిని బట్టి నిర్ణయించుకోండి. పేనుబంక, తామర పురుగులు గాలివాటున చాలా దూరం కొట్టుకువస్తాయి. ఖరీఫ్‌లో మన వైపు పడమటి గాలులు బలంగా వీస్తాయి కనుక, పొలానికి పడమటి అంచున విత్తన మడి ఉంటే మీ మిగతా పైరు మీది పురుగు నేరుగా దాని మీదికి రాదు. రబీలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది కాబట్టి మడిని తూర్పు అంచుకు మార్చండి. చుట్టూ నాలుగు సాళ్లు జొన్న దట్టంగా వేయండి. వీలైతే వేరుశనగ కంటే వారం, పది రోజులు ముందే వేయండి, లేకపోతే వేరుశనగ మొలిచే సమయానికి కంచె ఎత్తు చాలదు. జొన్న మీద వాలిన పేనుబంక అక్కడే రసం పీల్చి, నోటికి అంటిన వైరస్‌ను చాలావరకు అక్కడే వదిలేస్తుంది.

విత్తన మడిలో అంతర పంటగా అలసంద వేయకండి. అలసందకు సోకే మొజాయిక్ వైరస్‌లు దాని విత్తనం ద్వారా వస్తాయి, పేనుబంక కూడా అలసంద మీద విపరీతంగా పెరుగుతుంది. కంది వేసుకోవచ్చు. కందికి వచ్చే గొడ్డుమోతు తెగులు విత్తనం ద్వారా రాదు, వేరుశనగకు అంటదు. రాగి, కొర్ర, సజ్జల విషయం మాత్రం క్లంప్ వైరస్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ ప్రస్తావిస్తాను.

పూతకు ముందు సాలు వెంట నడవండి

విత్తిన 15 రోజులకు ఒకసారి, 22 నుంచి 25 రోజుల మధ్య మరోసారి, 35 రోజులకు ఇంకోసారి మడిలో ప్రతి సాలు వెంట నడవాలి. ఈ మూడింటిలో రెండవదానిని ఎట్టిపరిస్థితుల్లోనూ వదులుకోవద్దు, ఎందుకంటే అది పూతకు ముందు మనకు దక్కే చివరి అవకాశం. ఉదయం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్లండి. అనుమానం వచ్చిన మొక్క లేత ఆకును ఎత్తి, సూర్యుని వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. మాటిల్ వైరస్ ఉంటే లేత ఆకుపచ్చ మధ్యలో క్రమం లేని ముదురాకుపచ్చ మచ్చలు దీవుల్లా కనిపిస్తాయి. ఆకు అంచులు కొద్దిగా పైకి ముడుచుకుని, ఈనెల మధ్య భాగం లోపలికి నొక్కుకుపోయినట్లు ఉంటుంది. పైనుంచి చూస్తే ఇవేవీ స్పష్టంగా తెలియవు. మొక్క కూడా పెద్దగా గిడసబారదు, ముదిరేకొద్దీ లక్షణాలు మరింత మరుగున పడతాయి. ఈ తెగులు ఇంతకాలం రైతుల దృష్టిలో పడకపోవడానికి కారణం ఇదే.

మొక్కలు పీకడం మొదలుపెట్టే ముందు, వైరస్ కాని లక్షణాలను పక్కనబెట్టడం నేర్చుకోండి. మన సున్నపు నేలల్లో ఇనుపధాతు లోపం సాధారణం. అందులో లేత ఆకులు మొత్తంగా పసుపుపచ్చగా, తర్వాత తెల్లగా పాలిపోతాయి. మచ్చలు ఉండవు, ఒక్కొక్క మొక్క కాకుండా ఆ భాగమంతా పాలిపోతుంది, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే పచ్చబడుతుంది. పచ్చదోమ ఆశిస్తే ఆకు కొనలు ఆంగ్ల వి అక్షరం ఆకారంలో పసుపు రంగుకు తిరుగుతాయి. తామర పురుగులు గీకిన ఆకు అడుగుభాగం వెండిలా మెరుస్తుంది, లేదా మచ్చలుగా ఎండుతుంది. ఈ మూడింటినీ వైరస్‌గా పొరబడి పీకితే మడి ఖాళీలు పడుతుంది. ఖాళీలున్న పైరు మీద తామర పురుగులు మరింతగా వాలి, మొవ్వు కుళ్లుకు దారి చేస్తాయి.

మాటిల్ లక్షణాలున్న మొక్కను వేళ్లతో సహా పీకి, వెంటనే సంచిలో వేసి, మడి బయటికి తీసుకువెళ్లి పాతిపెట్టండి. పీకిన మొక్కను సాలులోనే పడేస్తే దానిమీది పేనుబంక మరుక్షణమే పక్క మొక్కకు పాకుతుంది. రెండవ నడకలో లెక్క కూడా తీయండి. మడిలో పది చోట్ల పది మీటర్ల సాలు చొప్పున కొలవండి. పది సెంటీమీటర్ల దూరంలో మొక్కలుంటే ఒక్కో చోట వంద, మొత్తం వెయ్యి మొక్కలు అవుతాయి. అందులో పదికి మించి అనుమానిత మొక్కలు ఉంటే ఆ మడిని విత్తనానికి వాడవద్దని నా సలహా. కాయలు తినడానికి, గానుగకు, కట్టె పశువులకు వాడటంలో ఏ ప్రమాదమూ లేదు, ఎందుకంటే మొక్కల వైరస్‌లు మనుషులకు, పశువులకు సోకవు. 35 రోజుల తర్వాత కొత్తగా తెగులు సోకిన మొక్కల కోసం మడి తొక్కడం వల్ల ఊడలకు నష్టమే తప్ప విత్తనానికి ఒరిగేది స్వల్పం.

గుంపులు గుంపులుగా కురచబారిన మొక్కలు కనిపిస్తే

క్లంప్ వైరస్ తీరు వేరు. అది పొలమంతా చెదిరి ఉండదు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలలో ఒక పట్టుగా, ప్రతి ఏటా అదే చోట కనిపిస్తుంది. మొక్కలు బాగా కురచగా, గుబురుగా, ఆకులు చిన్నవిగా ముదురాకుపచ్చ రంగులో ఉంటాయి. పీకితే వేళ్లు నల్లబడి, వాటి పైపొర సులభంగా ఊడివస్తుంది. తొలిదశలోనే సోకిన మొక్కకు కాయలే రావు, కాబట్టి దాని వల్ల విత్తనానికి వచ్చే ప్రమాదం తక్కువ. ఆలస్యంగా సోకి, పైకి దాదాపు మామూలుగా కనిపిస్తూ కాయలు కాసే పట్టు అంచు మొక్కలే విత్తనంలో వైరస్‌ను మోస్తాయి. అందువల్ల పట్టును మాత్రమే కాక, దాని చుట్టూ మరికొన్ని సాళ్లను కూడా విత్తనం నుంచి మినహాయించండి. ఎన్ని సాళ్లన్నది నేల చూసి మీరే నిర్ణయించుకోవాలి, నేనైతే ఉదారంగానే వదిలేస్తాను. పట్టుకు కొయ్యలు పాతి గుర్తు పెట్టి, గుంటక తోలేటప్పుడు, కాయ పీకేటప్పుడు అక్కడికి చివరగా వెళ్లండి. పనిముట్లకు అంటిన మట్టితో ఆ సూక్ష్మజీవి కూడా ప్రయాణిస్తుంది.

ఈ వైరస్ కొర్ర, రాగి విత్తనాల ద్వారా, అంతకంటే బాగా తక్కువగా సజ్జ విత్తనం ద్వారా కూడా సంక్రమిస్తుంది. పాలీమిక్సా సూక్ష్మజీవి వేరుశనగ వేళ్ల మీద కంటే ఈ గడ్డిజాతి పంటల వేళ్ల మీదనే బాగా వృద్ధి చెందుతుంది. చిరుధాన్యాలు మన మెట్టకు సరిపోయే పంటలే, కానీ గుర్తు పెట్టిన పట్టులో వాటిని కోతదాకా ఉంచి, ఆ తర్వాత వేరుశనగ వేయడం మంచిది కాదు. అక్కడ సజ్జను వేరే విధంగా వాడుకోవచ్చు. వేరుశనగకు ముందు, తేమ దొరకగానే సజ్జను దట్టంగా చల్లి, మొలిచిన రెండు వారాలలోపు దున్నేస్తే, నిద్రాణ స్థితి నుంచి లేచి సజ్జ వేళ్లలో చేరిన సూక్ష్మజీవి మళ్లీ వృద్ధి చెందకముందే నశిస్తుంది. రెండు వారాలు దాటనిస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది కనుక, దున్నడానికి ఎద్దులో, ట్రాక్టరో సిద్ధంగా లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

కోత, ఏరివేత, నిల్వ

విత్తన మడి కాయలను మిగతా వామిలో కలపకుండా విడిగా ఆరబెట్టి, విడిగా కొట్టించండి. తేమ 8, 9 శాతానికి తగ్గే వరకు, అంటే కాయను ఊపితే గింజ గలగలమనే వరకు ఆరబెట్టి, కాయగానే నిల్వ చేసి, విత్తడానికి కొద్ది రోజుల ముందు ఒలవండి. ఆరబెట్టడం, నిల్వ ఉంచడం బూజును అరికడతాయి కానీ పిండంలోని వైరస్‌ను అరికట్టవు. గింజ బతికి ఉన్నంత కాలం అది కూడా ఉంటుంది. ఒలిచాక జల్లెడ పట్టి చిన్న, ముడతలు పడిన, రంగు మారిన గింజలను తీసేయండి. తెగులు మొక్కల నుంచి ఇలాంటి గింజలు ఎక్కువగా వస్తాయి కాబట్టి దీనివల్ల వైరస్ భారం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు.

టమాటా సాగు చేసే రైతులు విత్తనాన్ని ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో కడిగి వైరస్ తొలగిస్తారు కదా, వేరుశనగకు అదెందుకు పనికిరాదని కొందరు అడుగుతారు. టమాటాలో పొగాకు మొజాయిక్ వైరస్ ప్రధానంగా గింజ పైపొర మీద ఉండి, నారు పీకి నాటేటప్పుడు గాయాల ద్వారా మొక్కలోకి వెళ్తుంది. పైన ఉన్నది కాబట్టి కడిగితే పోతుంది. వేరుశనగలో వైరస్ లోపల ఉంది, పైగా ఒలిచిన వేరుశనగ గింజను నానబెట్టి కడిగితే పొర ఊడి, బద్దలు చీలి, విత్తనమే చెడిపోతుంది.

విత్తే ముందు మొలిపించి చూడండి

విత్తనంలో నుంచి ఏ ఎంపికా లేకుండా, అన్ని సంచుల నుంచి కొద్దికొద్దిగా తీసి 300 గింజలు లెక్కపెట్టండి. మందు పట్టించకుండా, పేనుబంక దూరలేని సన్నని నైలాన్ వల కప్పిన మడిలో విత్తి, మూడు వారాలు పెంచండి. వల లేకుండా పెంచితే వచ్చిన తెగులు గింజలోదో బయటి పురుగు తెచ్చిందో తెలుసుకోలేరు. మే నెల ఎండలో చేయవలసి వస్తే నీడ కల్పించండి, లేకపోతే మొక్కలు వాడి లక్షణాలు సరిగా పైకి రావు. 300 మొక్కల్లో ఒక్కటీ తెగులుది లేకపోతే, మీ విత్తనంలో వైరస్ ఒక శాతం కంటే తక్కువని 95 పాళ్ల నమ్మకంతో అనుకోవచ్చు. వెయ్యికి ఒకటి కంటే తక్కువని అదే నమ్మకంతో చెప్పాలంటే సుమారు 3,000 గింజలు మొలిపించాలి. సొంత వాడకానికి 300 చాలు. పది మందికి విత్తనం ఇవ్వదలచినవారు మాత్రం పెద్ద పరీక్షకు వెనుకాడకూడదు.

లక్షణాలు కనిపించి, నిర్ధారణ కావాలనుకుంటే ఆ మొక్కను తడి గుడ్డలో చుట్టి కదిరి వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, అనంతపురం దగ్గర రేకులకుంటలోని పరిశోధన స్థానంలోనో శాస్త్రవేత్తలకు చూపించండి. ప్రయోగశాలల్లో ఎలీసా అనే వైరస్ గుర్తింపు పద్ధతిలో గింజను కూడా పరీక్షించవచ్చు. మొలక ముక్కుకు అవతలి చివర పప్పు బద్ద నుంచి చిన్న ముక్క కోసి పరీక్షిస్తారు కాబట్టి, వైరస్ లేదని తేలిన గింజను ఆ తర్వాత నాటుకోవచ్చు. కొత్త రకాల తయారీలో, గుప్పెడు గింజలే ఉన్న అరుదైన రకాల విషయంలో ఈ పద్ధతి అక్కరకు వస్తుంది. క్వింటాళ్ల లెక్కన వాడే రైతుకు మొలిపించి చూడటమే అందుబాటులో ఉన్న పరీక్ష.

ఇక విత్తన శుద్ధి. కిలో గింజలకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి నీడలో ఆరబెట్టడం తొలి వారాల్లో తామర పురుగులను, పేనుబంకను అదుపులో ఉంచుతుంది, మాంకోజెబ్ 3 గ్రాములు మొలక కుళ్లును ఆపుతుంది. ఇవి రెండూ చేయవలసినవే. అయితే 300 గింజల పరీక్షలో మూడో, నాలుగో మొక్కలు తెగులుతో వచ్చిన విత్తనాన్ని మందు పట్టించి మళ్లీ విత్తన మడికి వాడకండి. దానిని మామూలు పైరుకు, అదీ విత్తన మడికి గాలి దిగువన ఉన్న చేనిలో విత్తుకుని, మడికి మాత్రం కొత్త విత్తనం ఒక ముప్పై సెంట్లకు సరిపడా, అంటే ఇరవై కిలోల గింజ, తెచ్చుకుంటే సరిపోతుంది.